చెరువులో వెలసిన నగరము



ఊరికిని పట్టణమునకును నడుమ నుండు ఒక విధమైన నివాసమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. అమరసింహుడు తన నిఘంటువునందు, మూలనగరమునకు వెలిగా ఏర్పడిన పురమును శాఖానగరమని పేర్కొనెను. చెట్టునకు కొమ్మ యెట్టిదో పట్టణమునకు శాఖానగర మట్టిది. కావున ఈ మాట మనకు క్రొత్తది కాదు. కాని నేడు మన గ్రామముల పొలిమేరలలో హద్దురాళ్లు పాతి, రంగులు పూసి, గజముల లెక్కను అమ్ముచున్న ఇండ్లస్థలములను చూచునపుడు, శాఖానగరమనగా నెట్లుండవలెను, ఎట్లుండరాదు అను ప్రశ్న కలుగక మానదు. ఈ ప్రశ్నకు ఊహలతో గాక అనుభవముతో సమాధానము చెప్పగల పేట యొకటి కలదు. అది చెన్నపట్టణమందలి త్యాగరాయనగరము. వాడుకలో దానిని టీ నగరనియు, పానగల్లు పార్కు ప్రాంతమనియు చెప్పుదురు. పెండ్లికి పట్టుచీరలు కొనుటకై మనలో చాలమంది ఆ వీధులలో తిరిగి వచ్చినవారే. ఆ వీధుల క్రింద నొక చెరువున్నదన్న సంగతి మాత్రము తెలిసినవారు కొలదిమంది.

ముందుగా పేరు సంగతి. త్యాగరాయనగరమన్నంతనే మనవారు తిరువయ్యారు త్యాగరాజస్వామిని తలంతురు. ఆ పేరు వారిది కాదు. పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారిది. ఆయన తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున 1852వ సంవత్సరమున జన్మించిరి. 1916లో ఏర్పడిన జస్టిసు పార్టీకి మూలపురుషులలో నొకరు. 1920 ఎన్నికలలో ఆ పక్షము గెలిచినపుడు గవర్నరు ఆయనను ప్రధానమంత్రి పదవికి పిలువగా, తమకు వలదని తొలగినవారు. చెన్నపురి నగరపాలక సంస్థకు అధ్యక్షులుగా పనిచేసి, 1925లో పరమపదించిరి. పేట నడుమ నున్న ఉద్యానమునకు పెట్టిన పేరు పానగల్లు రాజావారిది. ఆయన పానగంటి రామరాయణింగారు. కాళహస్తిలో జన్మించి, 1921 మొదలు 1926 వఱకు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా నుండిరి. నటేశ మొదలియారు పేర నింకొక ఉద్యానము, డాక్టరు నాయరు పేర నొక వీధి, మహమ్మదు ఉస్మాను పేర నొక రాజమార్గము, గోపతి నారాయణస్వామి చెట్టి పేర మఱియొక మార్గము ఉన్నవి. ఆనాటి రాజకీయ చరిత్ర చదువగోరువానికి గ్రంథమక్కఱలేదు; ఆ పేటలో నడచి వీధుల పేర్లు చదివికొన్న చాలును.

ఇక ఆ పేటకు పూర్వమచ్చట నేమున్నది? మౌంటు రోడ్డునకు పడమటి ప్రక్కను, నుంగంబాకము మొదలు సైదాపేట దిక్కుగా, నెలవంకవలె వంగి, మైళ్ల కొలది పొడవున పెద్ద చెరువుండెడిది. ఇంగ్లీషువారు దానిని లాంగు ట్యాంకు, అనగా పొడుగు చెరువు అనిరి. దాని నీటిపై దొరలు పడవ పందెములు నడిపిరి. దాని ప్రక్కల మాంబలము మొదలగు పల్లెలు వ్యవసాయమున బ్రదికెడివి. చెరువనగా మీకు వేరుగ చెప్పనక్కఱలేదు. పై నుండి వచ్చిన వాననీటిని పట్టి, కొంత పొలములకు తూము గుండ వదలి, కొంత భూమిలోనికి దించి బావులను నింపి, మిగిలినదానిని అలుగు గుండ ఏటికి చేర్చును. ఈ పొడుగు చెరువును అట్లే పనిచేసెడిది. మిగులు నీటికి దక్షిణమున అడయారు నది గమ్యస్థానము.

చెన్నపట్టణమున జనము పెరిగినది. జార్జిటౌనులోని ఇరుకు సందులలో గాలి లేదు, వెలుతురు లేదు. ఆ కాలముననే ఇంగ్లండులో నొక క్రొత్త యాలోచన ప్రబలినది. ఎబెనీజరు హోవర్డు అను నాయన 1898లో, పట్టణపు సౌకర్యములును పల్లెటూరి గాలియు నొకచోట చేరునట్లు ఉద్యాననగరములు కట్టవలెనని గ్రంథము వ్రాసెను. 1903లో లెచ్‌వర్తు అనుచోట అట్టిది కట్టుటకు ఆరంభించిరి. ఆ గాలి మన దేశమునకును వీచినది. 1915లో పాట్రిక్ గెడ్డిసు అను స్కాట్లండు పండితుడు చెన్నపట్టణమున పురనిర్మాణ ప్రదర్శనము నడపెను. 1920లో మద్రాసు రాజధానికి పురనిర్మాణ శాసనము వచ్చినది. దాని బలముతో చెరువును ఎండగట్టి, 1923 మొదలు 1925 వఱకు గల కాలమున త్యాగరాయనగరమునకు రూపు కల్పించిరి.

ఇచ్చట నొక విశేషమును మరువరాదు. ఆ గెడ్డిసు పండితుడే మన దేశపు చెరువులను పూడ్చుట తగదని తన నివేదికలలో వాదించినవాడు. చెరువులలో దోమలు పుట్టునని అధికారులు చెప్పగా, అందుకు మందు చేపలను, బాతులను పెంచుటయే గాని చెరువును చంపుట కాదని ఆయన చెప్పెను. ఆయన నేర్పిన విద్యలో ఉద్యానమును, విశాలమైన వీధిని మనవారు గ్రహించిరి. చెరువును గూర్చిన మాటను విడిచిరి.

పేట నిర్మాణము మాత్రము చక్కనిది. నడుమ పానగల్లు ఉద్యానము. దాని నుండి చక్రపు ఆకులవలె నలుదెసలకు సాగిన వెడల్పైన మార్గములు. వాని నడుమ నివాసపు వీధులు. ఒక్కొక్క ఇంటి చుట్టును ఖాళీ స్థలము, అందు మామిడి, వేప, కొబ్బరి చెట్లు, పెరటిలో బావి. కచేరీ ఉద్యోగులును, వకీళ్లును, పంతుళ్లును వచ్చి చేరిరి. 1931లో చెన్నపురి సముద్రతీరము నుండి తాంబరము వఱకు విద్యుత్తుతో నడచు రైళ్లు ఆరంభమయినవి. మాంబలము స్టేషనులో ఎక్కినవాడు కొలది నిమిషములలో కచేరీకి చేరగలిగెను. శాఖానగరము నిలువవలెనన్న మూలనగరముతో నిట్టి రాకపోకలు తప్పనిసరి. 1936లో దక్షిణభారత హిందీ ప్రచారసభ అచ్చటికి చేరినది.

తెలుగువారికిని ఆ పేట పుట్టినింటివంటి దయ్యెను. చలనచిత్రములు చెన్నపురిలో తయారగుచున్న దశాబ్దములలో నటులు, గాయకులు, రచయితలు చాలమంది అచ్చటనే కాపురముండిరి. చిత్తూరు నాగయ్యగారి చొరవతో ఏర్పడిన వాణీమహలు నేటికిని సంగీతసభలకు నెలవు. నందమూరి తారకరామారావుగారి నివాసము బజుల్లా రోడ్డున నుండెడిది. రాజాజీగారును ఆ వీధివారే. వెంకటనారాయణ రోడ్డున తిరుమల తిరుపతి దేవస్థానమువారి ఆలయము కలదు. అరవము, తెలుగు రెండును వినవచ్చు వీధులవి.

మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని చెప్పిరి. తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు. ఇందు వనమును, అగ్రహారమువంటి నివాసమును ఆ పేటను కట్టినవారు లోకమునకిచ్చిరి. అది పుణ్యమే. కాని అందుకు మూల్యముగా చెల్లించినది తటాకము. ఒక సంతానమును తీసి ఇంకొక సంతానమును నిలిపిరి. ఈ లెక్క అప్పటికప్పుడు తేలలేదు. చెరువు చచ్చినను చాలకాలము బావులు నిండుగనే యుండెను. ఇండ్ల చుట్టును మట్టినేల యుండుటచే వాన అందులోనికి ఇంకెడిది. పెరడులే చిన్న చెరువులై పనిచేసినవి.

తరువాతి మార్పు అంగడితో వచ్చినది. 1928లో కాంచీపురపు నల్లి చిన్నసామి చెట్టి అచ్చట పట్టుబట్టల దుకాణము పెట్టిరి. పాండిబజారు పెరిగినది, సౌందరపాండియ నాడారుగారి పేరే ఆ బజారునకు నిలిచినదని చెప్పుదురు. స్టేషను చెంత రంగనాథను వీధి, పిమ్మట ఉస్మాను రోడ్డు, వరుసగా దుకాణములయ్యెను. అంగడి పెరిగినకొలది నేల వెల పెరిగినది. నేల వెల పెరిగినచోట చెట్టునకు విలువ తగ్గును. తండ్రి కట్టిన మేడను కొడుకులు పంచుకొనలేక అమ్మిరి. కొన్నవారు పడగొట్టి అంతస్తులు లేపిరి. మిగిలిన ఖాళీ నేలను సిమెంటుతో కప్పి వాహనములు నిలిపిరి. ఇందు ఎవరిని దూషించుటకును వీలులేదు. ఒక్కొక్కరు తమ ఇంటికి మేలే చేసికొనిరి. అందఱి మేళ్లును కలిసి పేటకు కీడయ్యెను. 2017 మే 31న ఉస్మాను రోడ్డుననున్న బహుళ అంతస్తుల వస్త్రశాల యొకటి అంటుకొని, ఒక దినమునకు పైగా కాలి, కొంత కూలిపోయినది. కాపురములకై కొలిచిన వీధులలో మహావిపణి నిలిచినచో ఎట్టి అపాయము కలుగునో ఆ దినమున లోకము చూచినది.

అగ్ని కంటెను నీటి సాక్ష్యము పెద్దది. చెరువు పోయినను దాని మిగులునీరు పారిన త్రోవ మాంబలము కాలువ యను పేర మిగిలినది. నుంగంబాకము వైపు నుండి పేట గుండ సాగి నందనము చెంత అడయారులో కలియును. క్రమముగా దాని యొడ్డులు ఇరుకయినవి; అందు చెత్తయు, కట్టడపు మట్టియు పేరుకొన్నవి. చెన్నపురికి ముఖ్యమైన వాన ఈశాన్య ఋతుపవనములది. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. 2015 డిసెంబరు మొదటి దినమున నుంగంబాకములో ఒక్క దినములోనే దాదాపు 29 సెంటీమీటర్ల వాన కురిసినది. అడయారు పొంగినది. కాలువ తన నీటిని నదిలోనికి విడువలేకపోయినది. నీరు తన పాత ఇంటిని వెదకికొని వచ్చి, చెరువుండిన పల్లములో మరల నిలిచినది. 2021 నవంబరులో మరల నట్లే జరిగి, త్యాగరాయనగరపు వీధులు దినముల తరబడి నీటిలో మునిగినవి. ఈ రెంటి నడుమ 2019 వేసవిలో చెన్నపురికి నీరిచ్చు జలాశయములు ఎండిపోయి, జనులు బిందెలతో బండ్ల కొఱకు కాచుకొనిరి. వఱదయు, కఱవును ఒకే ఊరిని ఆరేండ్లలో పీడించుట చిత్రముగ తోచును. కాని చెరువు నెఱిగినవారికి అందు చిత్రమేమియు లేదు. వచ్చిన నీటిని నిలుపు చోటు లేనప్పుడు వానకాలమున అది ఇంటిలోనికి వచ్చును. వేసవిలో బావిలోనికి రాదు.

ఆ పేటవారు ఊరకుండలేదు. 2019లో పాండిబజారున వాహనములకు చోటు తగ్గించి, నడచువారికి విశాలమైన కాలిబాటలు వేసిరి. 2023లో మాంబలము స్టేషను నుండి బస్సులు నిలుచు చోటి వఱకు, జనులు వీధిపై నడచిపోవుటకు ఆకాశమార్గము కట్టిరి. పాదచారికి గౌరవము తిరిగి లభించుట మంచిదే. కాని నడచువానికి దారి ఇచ్చినట్లు నీటికి దారి ఇచ్చుట అంత సులభము కాదు. కాలిబాటను ఏడాదిలో వేయవచ్చును. పోయిన చెరువును తేలేము. పశ్చిమ మాంబలమున సరస్సు కనబడు వీధియని ఇంగ్లీషు పేరు గల వీధి నేటికిని కలదు. నుంగంబాకమున చెరువుకట్ట పేరు గల రోడ్డు కలదు. పేరున్నది, నీరు లేదు.

పెద్దలారా, ఈ కథను దూరపు పట్టణపు కథగా విని విడువకుడు. నేడు మన తెలుగునేలపై ఏ చిన్న పట్టణపు ప్రక్కను చూచినను శాఖానగరములు మొలకెత్తుచున్నవి. వెంచరను పేర కాగితముపై ఉద్యానము, వీధులు, ఆలయము అన్నియు గీసి చూపుదురు. అందులో తప్పులేదు, పిల్లలకు ఇండ్లు కావలెను, ఊరు పెరుగవలెను. అయితే ఆ కాగితము మీ ముందు పఱచినపుడు, గ్రామసభలో మీరు అడుగవలసిన ప్రశ్నలు మూడున్నవి. మొదటిది: ఈ స్థలములలో ఏదైనను చెరువు శిఖములోనిదా? పూర్తి నీటిమట్టపు గీత యెక్కడ? నాలుగేండ్లు వానలు లేక ఎండిన చెరువు చచ్చినది కాదు, నిద్రించినది. రెండవది: అలుగు పొర్లిన నీరు ఏ వాగున పోవును? ఆ వాగు వెడల్పు కాగితముపై ఉన్నదా, మీ జ్ఞాపకమందే ఉన్నదా? మూడవది: నేడు కాపురములకై విడిచిన వీధి రేపు అంగడి యయినచో దానికి తగిన వెడల్పును, నేల పీల్చుకొను మట్టియు మిగులునా?

ఈ ప్రశ్నలకు సమాధానము పట్టణపు ఇంజనీరుకంటె మీకే యెక్కువ తెలియును. ఏ యేట నీరు ఏ రాతి వఱకు వచ్చినదో, ఏ పొలములో కప్పలు ముందు అఱచునో ఎఱిగినవారు మీరు. ఆ యెఱుక మీతో ముగిసిపోరాదు. గ్రామ పటముపై గీత గీయించి, పంచాయతీ పుస్తకమున వ్రాయించి పోవలెను. త్యాగరాయనగరమును కట్టినవారు గొప్పవారు, మంచివారు, ప్రజల మేలు కోరినవారు. అట్టివారి చేతిలోనే చెరువు నిలువలేదన్నచో, లాభము కోరి వచ్చువారి చేతిలో అదంతట అది నిలుచునని నమ్మియుండరాదు. వనమును నాటుడు, ఇండ్లను కట్టుడు. కాని తటాకమును తీసి ఆ రెండింటిని నిలుపకుడు.

స్వస్తి.