పుప్పొడి రేణువు – బజారు ధర

భౌతికశాస్త్రము ప్రకృతిని గూర్చినది. అర్థశాస్త్రము మానవుల లావాదేవీలను గూర్చినది. ఒకదానికి ప్రయోగశాల, మరియొకదానికి బజారు. ఈ రెంటికిని సంబంధ మేమున్నదని సామాన్యముగా తోచును. కాని గడచిన నూట పాతిక యేండ్ల శాస్త్ర చరిత్రను పరిశీలించినచో, నీటిలో తేలు ఒక రేణువు కదలికకును, వాటాల బజారులోని ధరల హెచ్చుతగ్గులకును ఒకే గణితము వర్తించుట కానవచ్చును. మరియొక వింత యేమన, ఆ గణితము తొలుత పుట్టినది ప్రయోగశాలలో కాదు. బజారు ధరలను పరిశీలించిన ఒక యువకుని సిద్ధాంత వ్యాసములో. ఆ గణితము మనకు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో తెలిసికొనుట నేడు విద్యావంతులకెల్ల అవసరము. ఏలయన, ఆ బజారులో అదృష్టమును పరీక్షించుకొని నష్టపడినవారు మన దేశముననే లక్షల సంఖ్యలో ఉన్నారు.

బ్రౌన్ చూచిన కదలిక

1827వ సంవత్సరమున రాబర్ట్ బ్రౌన్ అను స్కాట్లండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోని మిక్కిలి సూక్ష్మమైన రేణువులను నీటిలో ఉంచి సూక్ష్మదర్శినితో పరిశీలించెను. అవి ఒక్క క్షణమైనను నిలకడ లేక ఇటునటు కదలుచుండెను. జీవము గలవి గనుక కదలుచున్నవేమో యని మొదట తోచినది. ఆ సందేహమును తీర్చుకొనుటకై అతడు గాజు, రాయి మొదలగు నిర్జీవ పదార్థములను, ఈజిప్టులోని స్ఫింక్స్ విగ్రహపు తునకను సైతము, మెత్తగా నూరి నీటిలో కలిపి చూచెను. అవియు అట్లే కదలెను. కావున కారణము జీవము కాదని తేలినది. అసలు కారణము తేలుటకు మాత్రము మరి డెబ్బది యెనిమిదేండ్లు పట్టినది.

బజారులో పుట్టిన లెక్క

1900 మార్చి 29వ తేదీన పారిస్ విశ్వవిద్యాలయమున లూయీ బాషెలియే అను ముప్పది యేండ్ల యువకుడు తన సిద్ధాంత వ్యాసమును సమర్పించెను. అతని తండ్రి ద్రాక్షసారాయి వర్తకుడు. 1889లో తలిదండ్రులిరువురును గతింపగా చదువు కొంతకాలము కుంటుపడినది. వ్యాసమునకు అతడు ఎన్నుకొనిన విషయము ఆనాటి గణిత పండితులకు విపరీతముగా తోచినది: ఫ్రెంచి ప్రభుత్వ ఋణపత్రముల ధరలు పారిస్ బజారులో ఏ తీరున మారుచున్నవి?

అతని వాదము మిక్కిలి సరళము. ప్రతి కొనుగోలుకును ఒక అమ్మకము కలదు. ధర పెరుగునని నమ్మి ఒకడు కొనుచుండగా, తగ్గునని నమ్మి మరియొకడు అదే క్షణమున అదే ధరకు అమ్ముచున్నాడు. తెలిసిన వార్తలన్నియు ఆ ధరలో ఇమిడియే యున్నవి. కనుక మరుక్షణమున ధర పైకి పోవుటకెంత అవకాశమో క్రిందికి దిగుటకును అంతే అవకాశము. అనగా ధరల ఊగిసలాటపై పందెము వేయువానికి ఆశింపదగిన సగటు లాభము సున్న.

దిక్కు తెలియనంత మాత్రమున దూరము కూడ తెలియదని అనుకొనరాదు. ఉపాధ్యాయులు తరగతిలోనే దీనిని ప్రయోగము చేసి చూపవచ్చును. ప్రతి విద్యార్థియు ఒక నాణెమును నూరు మారులు ఎగురవేయవలెను. బొమ్మ పడిన ఒక అడుగు ముందునకు, బొరుసు పడిన ఒక అడుగు వెనుకకు వేసినట్లు లెక్క వ్రాసికొనవలెను. చివరకు బయలుదేరిన చోటినుండి ఎవరెవరు ఎంత దూరమున ఉన్నారో ఆ అంకెలను వర్గము చేసి, సగటు తీసి, దాని వర్గమూలమును కనుగొనినచో, అది సుమారు పది యగును. నాలుగు వందల మారులు ఎగురవేసినచో దూరము నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లే యగును. అడుగుల సంఖ్యకు వర్గమూలమెంతయో దూరము అంత. బాషెలియే ధరల విషయమున తేల్చినదియు ఇదియే. కాలము నాలుగింతలైనచో ధర చెదరు మేర రెండింతలు. అంతేకాక, ధరల సంభావ్యత కాలక్రమమున వ్యాపించుటకును, ఇనుప కడ్డీలో వేడి వ్యాపించుటకు ఫూరియే పండితుడు వ్రాసిన సమీకరణమునకును భేదము లేదని అతడు గుర్తించెను.

ఆ వ్యాసమును పరీక్షించినవారిలో ఆ యుగపు మహాగణితవేత్త పోంకరే ఒకడు. అతడు దానిలోని నూతనత్వమును మెచ్చుకొనెను. అయినను విషయము వాడుకలోని గణితమునకు దూరమైనదని పేర్కొనెను. వ్యాసమునకు అత్యున్నత శ్రేణి లభింపలేదు. బాషెలియేకు స్థిరమైన ఆచార్య పదవి 1927లో, అనగా ఏబది యేడేండ్ల ప్రాయమున, బెసాన్సోఁ పట్టణమున గాని దొరకలేదు. 1946లో అతడు గతించునాటికి ఆర్థికవేత్తలలో అతని పేరెరిగినవారు బహు స్వల్పము.

ఐన్‌స్టీన్ సమాధానము

1905లో స్విట్జర్లండులోని బెర్న్ నగరపు పేటెంటు కార్యాలయ ఉద్యోగియైన ఐన్‌స్టీన్, బాషెలియే వ్యాసము సంగతి ఎరుగకయే, నీటిలోని రేణువుల విషయమున అదే గణితమును చేరెను. నీటి అణువులు వేడిమిచే ఎడతెగక చలించుచు రేణువును అన్ని వైపులనుండియు తాకుచుండును. ఒక క్షణమున ఒక వైపు తాకిడులు హెచ్చగును. మరుక్షణమున మరియొక వైపు. అందుచేతనే రేణువు తడబడుచు తిరుగును. మిల్లీమీటరులో వెయ్యవ వంతు వ్యాసము గల గోళము 17 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో ఒక సెకనునకు సగటున మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు 0.8 పాలు, ఒక నిమిషమునకు సుమారు 6 పాళ్లు జరుగునని అతడు లెక్కించెను. కాలము అరువది రెట్లు పెరిగినను దూరము ఎనిమిది రెట్లయిన పెరుగలేదు. అరువదికి వర్గమూల మెంతయో విద్యార్థులు చూచుకొనవచ్చును.

ఈ లెక్క చిన్నదియైనను దానిపై ఆధారపడిన వివాదము పెద్దది. పరమాణువులు నిజముగా ఉన్నవా, లేక శాస్త్రజ్ఞులు తమ సౌలభ్యమునకై కల్పించుకొనినవా అను ప్రశ్న అప్పటికి తేలలేదు. ఫ్రాన్సులో జీన్ పెర్రిన్ 1908 మొదలుకొని ఎంతో ఓర్పుతో రేణువుల కదలికలను కొలిచి ఐన్‌స్టీన్ సూత్రము సత్యమని నిరూపించెను. పరమాణువులను నమ్మని విల్‌హెల్మ్ ఓస్ట్వాల్డ్ వంటి రసాయనశాస్త్రజ్ఞుడు 1909లో తన మతమును మార్చుకొనెను. పెర్రిన్‌కు 1926లో నోబెల్ బహుమతి వచ్చినది.

మరుగుపడిన వ్యాసము మరల వెలుగునకు

బజారు లెక్క మాత్రము అర్ధశతాబ్దము మరుగున పడియుండెను. 1953లో ఇంగ్లండున మారిస్ కెండాల్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఇరువది రెండు ధరల శ్రేణులను పరిశీలించి, నిన్నటి మార్పును బట్టి నేటి మార్పును ఊహించుటకు తగిన ఆధార మేమియు వానిలో దాదాపు లేదని చెప్పెను. సుమారు ఆ కాలముననే అమెరికాలో లియొనార్డ్ సావేజ్ అను పండితుడు బాషెలియే రచనను చూచి ఆశ్చర్యపడి, ఇతనిని ఎరుగుదురా యని తన మిత్రులైన ఆర్థికవేత్తలకు కార్డులు వ్రాసెను. వానిలో ఒకటి పాల్ సామ్యుయెల్‌సన్‌కు చేరినది. అతడు ఆ వ్యాసమును వెదకి చదివి, దాని విలువను లోకమునకు చాటెను. 1964లో ఆంగ్లానువాదము గ్రంథరూపమున వెలువడినది.

ఇంతలో 1959లో అమెరికా నౌకాదళ పరిశోధనాలయమున పనిచేయు ఆస్బోర్న్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక సవరణ చేసెను. నూరు రూపాయల వాటా పది రూపాయలు పెరుగుటయు, వేయి రూపాయల వాటా పది రూపాయలు పెరుగుటయు సమానము కావు. కనుక ధరల భేదములను గాక, నిష్పత్తులను లెక్కింపవలెను. బాషెలియే లెక్కలో ధర సున్నకంటె తక్కువ యగుటకు కూడ తావుండెను. ఈ సవరణతో ఆ లోపము తొలగినది.

పిమ్మట వచ్చినది 1973 నాటి పరిశోధన. ఒకడు ఒక యింటి స్థలమును మూడు నెలలలోపున నిర్ణీతమైన ధరకు కొను హక్కుకై కొంత పైకము చెల్లించెననుకొందము. ధర పెరిగినచో కొనును, తగ్గినచో మానుకొనును. అప్పుడు అతనికి నష్టము తాను చెల్లించిన పైకము మాత్రమే. వాటాల బజారులో ఇట్టి హక్కును ఆప్షను అందురు. దానికి న్యాయమైన ధర యెంత? ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ అను మువ్వురు దీనికి సమాధానము కనుగొనిరి. వీరిలో బ్లాక్ కళాశాలలో భౌతికశాస్త్రము చదివినవాడు.

వారి యుక్తి యిది. వాటా ధర కదలినప్పుడెల్ల ఆప్షను ధరయు దానితో కదలును. ఒకదానిని కొని, మరియొకదానిని తగిన పాళ్లలో అమ్మి, ఆ పాళ్లను ఎప్పటికప్పుడు సరిచేయుచున్నచో ఒకదాని కదలిక మరియొకదాని కదలికను రద్దుచేయును. ఇక మిగిలినదానిలో గండము లేదు; కనుక అది బ్యాంకు వడ్డీకి మించి సంపాదింపరాదు. ఈ షరతును సమీకరణముగా వ్రాసి కొంత మార్చినచో, అది మరల ఫూరియే వ్రాసిన ఉష్ణ సమీకరణమే యగును! వాటా పెరుగునా తగ్గునా యను ప్రశ్నకు ఆ సూత్రములో చోటు లేదు. ఎంతగా ఊగిసలాడుచున్నదో తెలిసిన చాలును. 1997లో షోల్స్, మెర్టన్‌లకు నోబెల్ బహుమతి లభించినది. బ్లాక్ అంతకు రెండేండ్లకు ముందే మరణించెను.

రేణువునకును మనుజునకును భేదము

ఈ జయగాథ ఇచ్చట ముగిసినచో బాగుండెడిది. నీటి అణువులకు భయము లేదు, ఆశ లేదు. ఒక అణువు పరుగిడినంత మాత్రమున తక్కిన వన్నియు దానిని జూచి పరుగిడవు. బజారులో ఉన్నది మనుజులు. అమ్ముచున్నవారిని చూచి మరి పదిమంది అమ్ముదురు. నాణెము ఎగురవేయుటలో ఒక మారునకు మరియొక మారుతో సంబంధము లేదను ఆధారము అట్టివేళ కూలిపోవును.

1963లోనే బెన్వా మాండెల్‌బ్రాట్ పత్తి ధరలను పరిశీలించి, పెద్ద మార్పులు గంట ఆకారపు వక్రరేఖ చెప్పినదానికంటె ఎన్నో రెట్లు తరచుగా జరుగుచున్నవని హెచ్చరించెను. 1987 అక్టోబరు 19న న్యూయార్కు బజారులోని డౌ జోన్స్ సూచిక ఒక్క దినమున నూటికి 22.6 వంతులు పడిపోయినది. వక్రరేఖ ప్రకారము అట్టి దినము విశ్వము పుట్టిన నాటినుండి లెక్కించినను రాదగినది కాదు. 1998లో అమెరికాలోని ఒక పెట్టుబడి సంస్థ విపరీతముగా అప్పులు చేసి చేసిన వ్యాపారము తలక్రిందులు కాగా, దానిని నిలుపుటకు పదునాలుగు సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు సమకూర్చవలసివచ్చెను. ఆ సంస్థలోని భాగస్వాములలో షోల్స్, మెర్టన్‌లు ఉండిరి. బహుమతి వచ్చి అప్పటికి ఏడాదియైనను కాలేదు.

భౌతిక శాస్త్రజ్ఞులు ఈ లోపమును కూడ కొలుచుటకు పూనుకొనిరి. 1995లో కలకత్తాలో జరిగిన ఒక సదస్సున యూజీన్ స్టాన్లీ ఈ నూతన శాఖకు 'ఎకనోఫిజిక్స్' అని పేరిడెను. అతడును అతని సహచరులును అమెరికా వాటాల ధరలను లక్షలకొలది పరిశీలించి ఒక నియమమును కనుగొనిరి. మిక్కిలి పెద్ద మార్పులలో, పరిమాణము రెండింతలైనచో అవకాశము సుమారు ఎనిమిదవ వంతునకు తగ్గును. గంట వక్రరేఖ ప్రకారమైనచో అట్టి అవకాశము లెక్కకు రానంత స్వల్పమై పోవలెను. ఒకటి అరుదు, రెండవది అసంభవము. అరుదైనదానిని అసంభవమని యెంచుటయే ఎందరినో ముంచినది.

మన దేశపు అనుభవము

మన దేశములో సూచికపై ఆప్షనుల వ్యాపారము 2001లో ప్రారంభమైనది. ఇప్పుడది చేతిలోని ఫోనుకు వచ్చినది. వాటాల బజారును పర్యవేక్షించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనమును ప్రకటించెను. 2024 మార్చితో ముగిసిన మూడేండ్లలో ఫ్యూచర్లు, ఆప్షనుల వ్యాపారము చేసిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరి. వ్యక్తులందరి నష్టము, ఖర్చులతో కలిపి, 1.8 లక్షల కోట్ల రూపాయలను మించినది.

ఇందులో ఆశ్చర్యపడవలసిన దేమున్నది? సగటు లాభము సున్న యని బాషెలియే 1900లోనే చెప్పెను. ఆ సున్ననుండి దళారి రుసుమును, పన్నులను తీసివేసినచో మిగులునది నష్టమే. ఆపై ఎదుటి పక్షమున ఉన్నవారు గొప్ప యంత్రములును, ఆరితేరిన నిపుణులును గల సంస్థలు. ఉత్పత్తి చేయు సంస్థలో వాటాను కొని యేండ్ల తరబడి ఉంచుకొనువాని సంగతి వేరు. అతడు ఆ సంస్థ యార్జనలో పాలు పొందును. ఆప్షనులలో ఒకని లాభము మరియొకని నష్టమునుండియే రావలెను.

రేపు ధర ఎంత దూరము పోగలదో గణితము కొంతవరకు చెప్పును. ఏ వైపునకు పోవునో చెప్పదు. ఆ వైపు తనకు తెలియునని, తనకు రుసుము చెల్లించినచో చెప్పెదనని యెవరైన విద్యార్థులను ఆహ్వానించినచో, వారు బొమ్మ బొరుసుల లెక్కను ఒక్కమారు జ్ఞాపకము చేసికొందురు గాక. తరగతి గదిలో పదినిమిషములలో నేర్చుకొనదగిన ఆ పాఠమును బజారులో నేర్చుకొనుటకు జీవితకాలపు సంపాదన వెచ్చింపవలసివచ్చును.