పిడుదు మీద కిరోసిన్ పోస్తే ఏమవుతుంది?

ఎండలు ముదిరేలోపు కర్ణాటక పేపర్లలో ‘మంగన కాయిలె’, అంటే కోతి జ్వరం వార్తలు మొదలవుతాయి. అవి చదివి రాయచూరు జిల్లా కల్మల ఊళ్లో గొడ్లు, గొర్రెలు ఉన్న ఇంట్లో గుబులు పుడితే తప్పుపట్టలేం. కానీ ఆ గుబులు అక్కర్లేదు. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపోతుంటే బయటపడ్డ వైరస్ అది. దాన్ని ముఖ్యంగా మోసేది పడమటి కనుమల అడవుల్లో బతికే పిడుదు. రాయచూరు మెట్ట చేలు దాని చోటు కాదు. ఆ కనుమల వైపు మలెనాడు తోటల్లో పనికి వెళ్లొచ్చినవాళ్లకు జ్వరమొస్తే మాత్రం ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

‘అయితే మన ఊరి పిడుదులు ఏం చెయ్యవన్నమాట!’ అలాగని కాదు. కుక్కల పిడుదులు టిక్ టైఫస్‌ను మనుషులకు అంటించగలవు. జ్వరం, తలనొప్పి, అరచేతుల, అరికాళ్ల దాకా పాకే దద్దుర్లు దాని గుర్తులు. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది. స్క్రబ్ టైఫస్‌నూ జనం పిడుదుల ఖాతాలోనే వేస్తున్నారు. దాన్ని తెచ్చేది కంటికి సరిగా ఆనని నల్లి జాతి పిల్లపురుగు.

చెట్ల మీంచి పిడుదులు రాలతాయనేది ఇంకో నమ్మకం. వాటికి ఎగరడం రాదు, దూకడమూ రాదు. గడ్డిపరక కొసకెక్కి ముందుకాళ్లు చాచి కాచుకుంటాయి. మన ఊపిరినీ ఒంటి వేడినీ పసిగట్టి, రాసుకుపోయే పంచెనో లుంగీనో పట్టుకుని పైకి పాకుతాయి. మెడ మీద కనిపించేసరికి పైనుంచి పడిందనుకుంటాం. కాటు నొప్పి పుట్టదు కాబట్టి చేను నుంచి రాగానే చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక వెతుక్కోవాలి.

ఇక అసలు సంగతి, పట్టుకున్నదాన్ని తీయడం. కిరోసిన్ చుక్క, బీడీ నిప్పు, సున్నం... ఎవరి వైద్యం వాళ్లది. ఇవేవీ పిడుదు చేత వెంటనే పట్టు వదిలించలేవు. పైగా చిరాకుపడ్డ పిడుదు కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్న మొన పట్టకారు చాలు. చర్మానికి ఆనించి, పొట్ట నొక్కకుండా నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా పైకి లాగాలి. నోటిముక్క లోపల తెగిపోతే అది పెరిగి పుండవుతుందని సూదితో కెలుకుతారు. పుండు పడేది ఆ కెలకడం వల్లే. సులువుగా రాకపోతే వదిలెయ్యండి, చర్మమే బయటికి తోసేస్తుంది. సబ్బుతో కడుక్కోండి. రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే కాటు సంగతి డాక్టరుకు చెప్పండి.

గొడ్డు ఒంటి మీద పీకినవాటిని కొట్టంలోనే విసిరేయడం చాలా ఇళ్లలో అలవాటు. నెత్తురు తాగి ఆముదపు గింజంత ఉబ్బిన ఆడపిడుదు మళ్లీ గొడ్డెక్కక్కర్లేదు. గోడ పగుల్లోనో పేడ కిందో చేరి వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. కాబట్టి వాటిని వేళ్లతో చిదపకుండా కిరోసిన్ డబ్బాలో వేయండి. కిరోసిన్‌కు ఇక్కడ నిజంగానే పనుంది. గొడ్లకు వాడే డెల్టామెత్రిన్ మందును మాత్రం కాళ్లకు రాసుకోకండి. మన చర్మానికి దోమల క్రీములే, డీట్ ఉన్నవైతే పిడుదుల మీదా పనిచేస్తాయి.