ఫ్రాస్ట్ కవితలో ఛందస్సు – అంత్యప్రాస

కవితలోని భావాన్ని మోసే శక్తి ఛందస్సుకు ఉంటుంది. అందుకు చక్కని నిదర్శనం అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ (1874–1963) రచించిన ‘స్టాపింగ్ బై వుడ్స్ ఆన్ ఎ స్నోయీ ఈవెనింగ్’. 1923లో వెలువడిన ఈ కవితలో 4 చరణాలు, 16 పాదాలు ఉన్నాయి. మంచు కురుస్తున్న సాయంవేళ ఒక బాటసారి అడవి అంచున గుర్రాన్ని నిలిపి, ఆ సౌందర్యానికి ముగ్ధుడవుతాడు. అంతలో తన బాధ్యతలు గుర్తుకు వస్తాయి. ఆగాలా, సాగాలా అన్న సంఘర్షణే ఈ కవితకు ప్రాణం.

తెలుగు పద్యానికి గురులఘువులు ఆధారం. వాటిని ఉచ్చారణకు పట్టే కాలాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆంగ్ల ఛందస్సుకు ఊనిక ఆధారం. ఊనిక లేని అక్షరం తరువాత ఊనిక గల అక్షరం వస్తే దానిని ‘అయాంబ్’ అంటారు. దీని నడక మన వగణాన్ని, అనగా లఘువు తరువాత గురువును, తలపిస్తుంది. ఈ కవితలో ప్రతి పాదానికి నాలుగు అయాంబ్‌లు, మొత్తం ఎనిమిది అక్షరాలు ఉంటాయి. సడలని ఈ సమగతి, ఎడతెగక కురిసే మంచును స్ఫురింపజేస్తుంది.

తెలుగులో ప్రాస పాదంలోని రెండవ అక్షరానికి చెందిన నియమం. ఆంగ్లంలోని ‘రైమ్’ పాదాంతంలో ఉంటుంది కనుక అది మన అంత్యప్రాసకు సన్నిహితం. వర్ణక్రమం వేరైనా ధ్వని కలిస్తే చాలు. మొదటి చరణంలో 1, 2, 4 పాదాలు ‘నో’, ‘దో’, ‘స్నో’ అనే పదాలతో ముగుస్తాయి. మూడవ పాదాంతంలోని ‘హియర్’ మాత్రం ఒంటరిగా మిగులుతుంది. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ ద్వారా తెలుగువారికి పరిచితుడైన ఉమర్ ఖయ్యాం రుబాయీలలోనూ ఇదే ప్రాసక్రమం తరచుగా కనిపిస్తుంది. అయితే ఫ్రాస్ట్ ఆ ఒంటరి ధ్వనినే రెండవ చరణానికి ప్రాసగా గ్రహించాడు. మూడవ చరణంలోనూ ఇదే పద్ధతి. ఆ క్రమాన్ని ఇలా చూపవచ్చు:

క క చ క
చ చ ట చ
ట ట త ట
త త త త

చరణం ముగిసినా, జత దొరకని ధ్వని పాఠకుణ్ణి తరువాతి చరణానికి నడిపిస్తుంది. బాటసారి ఆగినా ప్రాస ఆగదు. ఈ గొలుసు ఇలాగే సాగితే కవితకు ముగింపే ఉండదు. అందుకే చివరి చరణంలో కవి నాలుగు పాదాలకూ ఒకే ప్రాసను కూర్చి, మూడవ పాదాన్నే నాలుగవ పాదంగా మళ్లీ పలికించాడు. మొదటిసారి ఆ పాదం ఆ రాత్రి చేయవలసిన ప్రయాణాన్ని తెలుపుతుంది. రెండవసారి అదే పాదం జీవితయాత్రను, దాని చివరనున్న దీర్ఘనిద్రను ధ్వనింపజేస్తుందని పలువురు విమర్శకులు భావించారు. ఈ విధంగా ప్రాస విశ్రమించిన చోటనే, బాటసారి తన విశ్రాంతిని వాయిదా వేసుకుంటాడు.