మూర్తిమత్వ పరీక్షలో వాక్యముల ఎంపిక

అనకాపల్లి మార్కెట్టులో బెల్లమును ఎరిగినవాడు దిమ్మ రంగును మాత్రమే చూచి ధర చెప్పడు. చిదిపి, రుచి చూచి మరీ చెప్పును. మనుష్యుని స్వభావమును కొలుచుటకై కూర్చు ప్రశ్నావళిలోని వాక్యములకును ఇట్టి పరీక్ష అవసరము.

ఒకప్పుడు మేము ఒక ఆంగ్ల ప్రశ్నావళిని తెనిగించి మా తరగతిలో ఇచ్చితిమి. "విందులకు పోవుట నాకు ఇష్టము" అను వాక్యము కలుపుగోలుతనమును తెలుపునని మా ఊహ. ఇంచుమించు అందరును 'అవును' అనిరి. మన యిండ్లలో పెండ్లి భోజనమునకు గాని, వలీమా దావత్‌కు గాని పోవుట ఇష్టాయిష్టముల సంగతి కాదు, బంధుధర్మము. నోరు మెదపని విద్యార్థియు, నలుగురిని నవ్వించు విద్యార్థియు ఒకే జవాబు ఇచ్చినప్పుడు ఆ వాక్యము వారిని వేరుచేయజాలదు. సగముమంది 'అవును' అన్నచో జవాబుల విస్తృతి 0.25, నూటికి 95 మంది అన్నచో 0.0475 మాత్రమే.

ఈ తొలి జల్లెడ పిమ్మట ముఖ్యముగా మూడు పద్ధతులు కలవు.

మొదటిది, ఒక్కొక్క వాక్యమునకు తక్కిన వాక్యముల మొత్తముతో గల సహసంబంధమును గణించుట. ఇది సులభము. కాని ఒకే మాటను పది విధములుగా త్రిప్పి వ్రాసినను సహసంబంధము హెచ్చుగనే వచ్చును. కొలత మాత్రము ఇరుకగును.

రెండవది కారక విశ్లేషణ. కలసి నడచు వాక్యములను గుంపులుగా విడదీసి, వాని వెనుకనున్న లక్షణమును ఊహింతురు. కాటెల్ 1949లో ప్రకటించిన పదునారు కారకముల ప్రశ్నావళి ఇట్టిదే. దీనికి జవాబు చెప్పువారు వందలసంఖ్యలో కావలెను.

మూడవది బాహ్యప్రమాణ పద్ధతి. 1943లో వెలువడిన మిన్నెసోటా ప్రశ్నావళికై హాథవే, మెకిన్లీలు మానసిక రోగుల జవాబులను, ఆసుపత్రికి వచ్చిన సందర్శకులు మొదలగువారి జవాబులతో పోల్చి, తేడా చూపిన వాక్యములనే గ్రహించిరి. ఇందు యాదృచ్ఛికతయే శత్రువు. ఏ సంబంధమును లేని 200 వాక్యములను నూటికి 5 స్థాయిలో పరీక్షించినను, సగటున 10 వాక్యములు నెగ్గినట్లే కనబడును. వేరొక సమూహముపై మరల పరీక్షింపనిదే వానిని నమ్మరాదు.

ఇందేది మేలు? 1967లో హేస్, గోల్డ్‌బర్గ్‌లు ఒకే వాక్యరాశినుండి పలు పద్ధతులతో మాపనములను కూర్చి, విశ్వవిద్యాలయ విద్యార్థినులపై పోల్చిచూచిరి. కారక విశ్లేషణ, బాహ్యప్రమాణము, ఆలోచనతో చేసిన రెండు విధముల ఎంపిక - ఈ నాలుగును ఇంచుమించు సమముగనే నిలిచినవి. చీట్లు తీసినట్లు ఏరిన వాక్యములు మాత్రము వెనుకబడినవి.

కావున గణితము వాక్యమును ఏరగలదే గాని, మంచి వాక్యమును పుట్టింపజాలదని మేము తలంతుము. 'నీకు కలుపుగోలుతనము లేదు, ఉపాధ్యాయవృత్తికి తగవు' అని ఒక కాగితము చెప్పినచో, ఆ విద్యార్థి దానిని జీవితాంతము మోయవచ్చును. అందుచేత కళాశాలలో అట్టి పరీక్ష పెట్టుటకు ముందు, దానిని తెలుగు చదువరులపైనను, ఉర్దూ చదువరులపైనను వేరువేరుగా పరీక్షించిరా యని అడుగుట పెద్దల విధి. అడిగించుకొనుట విద్యార్థుల హక్కు.