మంచు ఖండంలో డ్యూటీ

పల్నాడులోనో పర్చూరు వైపునో పత్తి ఎంత విస్తీర్ణంలో వేశారో అంచనా కట్టడానికి ఇప్పుడు రిసోర్స్‌శాట్ లాంటి ఉపగ్రహాల చిత్రాలు కూడా చూస్తున్నారు. ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టివస్తాయి. మన పొలాల మీదుగా పోయేటప్పుడు తీసిన బొమ్మలు హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ యాంటెన్నాకు నేరుగా అందుతాయి. మరి సముద్రాల మీద, దూరదేశాల మీద తీసినవి? ఉపగ్రహం వాటిని దాచుకుని, కింద యాంటెన్నా కనిపించినప్పుడే దించాలి. షాద్‌నగర్‌కు అది కనబడేది రోజుకు కొన్ని చుట్లలోనే. ధ్రువానికి దగ్గరగా ఉన్నచోట మాత్రం చాలా చుట్లలో కనబడుతుంది. అందుకే అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం భారతి పక్కన ఇస్రో ఒక గ్రౌండ్ స్టేషన్ పెట్టింది. 2013 నుంచి అక్కడ దిగిన సమాచారం మరో ఉపగ్రహం మీదుగా షాద్‌నగర్ చేరుతోంది.

యంత్రం పెట్టేస్తే సరిపోదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. 2016 నవంబరులో ఆ పని మీద వెళ్లిన ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి అక్కడ 403 రోజులు ఉన్నారు. వయసు 56. 23 మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ.

ఈ ఉద్యోగానికి ఎంపిక కావడమే ఒక పరీక్ష. ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరాన్నీ మనసునూ పరీక్షిస్తారు. తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో, ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసుల దగ్గర, మంచు మీద నడవడం, తాడు పట్టుకుని ఎక్కడం, పగుళ్లలో పడినవాణ్ణి పైకి లాగడం నేర్పుతారు. ఆ పైన కేప్‌టౌన్ మీదుగా ఓడలోనో విమానంలోనో ప్రయాణం.

అంటార్కిటికాలో ఇల్లు కట్టడం మన దేశం అనుభవంతోనే నేర్చుకుంది. 1981 డిసెంబరులో ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 21 మంది గోవా నుంచి బయలుదేరి, మరుసటి నెలలో ఆ గడ్డ మీద అడుగుపెట్టారు. మూడో యాత్రకు నాయకుడు హర్ష్ గుప్తా. తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టరైంది ఆయనే. 1983-84 వేసవిలో ఆయన బృందం దక్షిణ గంగోత్రిని నిలబెట్టింది. కానీ అది మంచు పలక మీద కట్టిన ఇల్లు. ఏటా కురిసే మంచు దాన్ని మెల్లమెల్లగా మింగేసింది, 1990లో వదిలేయాల్సి వచ్చింది. అప్పటికే, 1989లో, షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద మైత్రిని కట్టారు. దానికి సుమారు 3,000 కిలోమీటర్ల తూర్పున, లార్స్‌మన్ కొండల్లో 2012లో భారతి వచ్చింది. 134 షిప్పింగ్ కంటైనర్లను పేర్చి, చుట్టూ తొడుగు వేసిన భవనం అది.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే హమాలీకి ఎంత చలి తగులుతుందో, భారతి దగ్గర నడివేసవి, అంటే జనవరి, అంతకంటే ఓ మెట్టు ఎక్కువ. చలికాలంలో మైనస్ 30కి కూడా పడిపోతుంది. అయినా అక్కడ అసలు శత్రువు గాలి. మంచు తుపాను లేచిందంటే చాచిన చెయ్యి కనిపించదు. ఒక కట్టడం నుంచి ఇంకోదానికి పోవాలంటే ముందే కట్టి ఉంచిన తాడే దారి. ఎవరూ ఒంటరిగా బయటికి వెళ్లరు. వెళ్లేవాళ్లు చెప్పి వెళ్తారు, వాకీటాకీ చేతిలో ఉండాల్సిందే.

గాలి తర్వాత పెద్ద భయం నిప్పు. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ గాలిలో తేమ చాలా తక్కువ, నీళ్లేమో గడ్డకట్టి ఉంటాయి. ఇల్లు కాలితే ఆ రాత్రి తలదాచుకునే చోటుండదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సందడే. ఓడ నుంచి సరుకు దించడం, మరమ్మతులు, రాళ్లూ మంచూ సేకరించేవాళ్ల హడావుడి. చివరి ఓడ కదిలాక రెండు డజన్ల మంది మిగులుతారు. మళ్లీ వేసవి వచ్చేదాకా బయటివాళ్లెవరూ రారు. ఇంట్లో పెళ్లైనా, చావైనా ఫోన్‌లోనే. నడి చలికాలంలో సుమారు రెండు నెలలు సూర్యుడు పైకే రాడు. నిద్ర తప్పుతుంది, చిన్నమాటకే కోపం వస్తుంది. జూన్ 21 ఆ చీకటి కాలానికి నడిమధ్య. అన్ని దేశాల కేంద్రాలూ ఆ రోజు పండగ చేసుకుని ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటారు. దీపావళి కంటే ఆ పండగకే అర్థం ఎక్కువేమో!

ఆ నెలల్లో కేంద్రాన్ని నడిపేది సాహసం కాదు, ఇంటిపని. జనరేటర్ ఆగితే వెలుగూ వెచ్చదనమూ రెండూ పోతాయి. భారతిలో జనరేటర్ల వేడినే భవనాన్ని వెచ్చబెట్టడానికి వాడతారు. మైత్రికి నీళ్లు ప్రియదర్శిని సరస్సు నుంచి వస్తాయి, భారతిలో సముద్రపు నీటి ఉప్పు తీసి తాగుతారు. వంటగది పని, ఊడ్పు, అంట్లు అందరికీ వంతులవారీగా వస్తాయి, నాయకుడికైనా మినహాయింపు లేదు. చెత్తను పారేయడానికి వీల్లేదు. 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం వేరుచేసి, మూటగట్టి, ఓడలో వెనక్కి పంపాలి.

ఒళ్లు బాగోకపోతే ఉన్న డాక్టరే దిక్కు. ఆ డాక్టరుకే జబ్బు చేస్తే? మైత్రికి నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న రష్యా కేంద్రం నొవొలజారెవ్‌స్కయాలో 1961లో అదే జరిగింది. లియొనిద్ రొగొజొవ్ వయసు 27, ఆ కేంద్రానికి ఆయనొక్కడే వైద్యుడు. అపెండిసైటిస్ వచ్చింది. తుపానులో విమానం వచ్చే ఆశ లేదు. ఏప్రిల్ 30 రాత్రి ఒకరు అద్దం పట్టుకుంటే, ఒకరు పరికరాలందిస్తే, పొట్టకు మాత్రమే మత్తిచ్చుకుని దాదాపు రెండు గంటల్లో తన ఆపరేషన్ తానే చేసుకున్నాడు. రెండు వారాల్లో మళ్లీ డ్యూటీలో చేరాడు.

ఇంత కష్టం దేనికి అంటే ఒక జవాబు ఒంగోలు దగ్గరే ఉంది. మన తూర్పు కనుమల రాళ్లకూ తూర్పు అంటార్కిటికా రాళ్లకూ పోలికలున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఒంగోలు చుట్టుపక్కల శిలలకు వాళ్ల పుస్తకాల్లో ఒంగోలు డొమైన్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయేదాకా మన తూర్పు తీరమూ ఆ ఖండమూ ఒకటే నేల. అక్కడి రాయి చదవడమంటే మన నేల పాత దస్తావేజు చదవడమే. ఇక హైదరాబాద్ భూభౌతిక సంస్థ 1997 నుంచి మైత్రిలో జీపీఎస్ కేంద్రం నడుపుతూ నేల కదలికను కొలుస్తోంది.

అంటార్కిటికా అనగానే పీహెచ్‌డీ ఉన్నవాళ్లే గుర్తొస్తారు. చలికాలం బృందంలో వాళ్లతో పాటు జనరేటర్ మెకానిక్, వాహనాల ఎలక్ట్రీషియన్, క్రేన్ ఆపరేటర్, వడ్రంగి, బాయిలర్ మెకానిక్, వంటమనిషి, నర్సు కూడా ఉంటారు. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం ఈ కొలువులకు ప్రకటనలిస్తుంది. నరసరావుపేటలోనో మార్కాపురంలోనో ఐటీఐ చేసి, డీజిల్ ఇంజన్ల మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్లుంటే ఆ సంస్థ వెబ్‌సైట్ మీద ఒక కన్నేసి ఉంచమని చెప్పండి.