లారీలు నడిచే నది

వినండర్రా! లేనా అని ఒక నది ఉంది. సైబీరియాలో పుట్టి, ఉత్తరంగా పోయి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తుంది. దాని ఒడ్డున యాకుత్స్క్ నగరం. ఆ నగరం రాజధానిగా ఉన్న యాకుతియా విస్తీర్ణం 30 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే మన దేశం కన్నా కాస్తే తక్కువ. జనం మాత్రం సుమారు 10 లక్షలు! మన విశాఖపట్నంలోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. యాకుతియాలో ఒయ్మ్యకోన్ అనే పల్లెలో 1933లో మైనస్ 67.7 డిగ్రీల చలి నమోదైంది. ఎండాకాలం మళ్లీ 30 డిగ్రీల వేడి. సముద్రం దూరమైతే చలికీ వేడికీ పగ్గం ఉండదు.

1828లో షెర్గిన్ అనే ఆయన యాకుత్స్క్‌లో నీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి తవ్వించి 116 మీటర్ల లోతుకు పోయినా చుక్క నీరు పడలేదు. అడుగున కూడా నేల గడ్డకట్టే ఉంది. ఆ ఓపికకి దండం పెట్టాలి. నీళ్లు దొరక్కపోయినా, ఆ గొయ్యిలోకి దిగి వేడి కొలిచిన శాస్త్రవేత్తలకి భూమి ఎంత లోతున గడ్డకట్టి ఉందో మొదటిసారి లెక్క దొరికింది.

అలాంటి నేల మీద ఇల్లు కట్టాలంటే చిక్కు చలితో కాదు, మనం వెలిగించుకునే పొయ్యితో. ఇంట్లో వేడి కిందికి దిగితే నేల ఎండలో పెట్టిన వెన్నముద్దలా జారుతుంది, గోడలు బీటలు వారతాయి. అందుకని కాంక్రీటు స్తంభాలు లోతుగా దింపి, వాటి మీద భవనం ఎత్తుగా నిలబెడతారు. అడుగున ఖాళీలోంచి చలిగాలి వీస్తూ ఇంటి వేడిని పట్టుకుపోతుంది. నీళ్ల గొట్టాలు, వేడినీటి గొట్టాలు కూడా పాతిపెట్టరు, వీధుల వెంట నేలకి పైనే నడుస్తాయి.

ఇక దారులు. యాకుత్స్క్ దగ్గర నది కిలోమీటర్ల వెడల్పు, ఇన్నాళ్లూ వంతెనే లేదు. ఎండాకాలం పడవల మీద దాటాలి. చలికాలం వస్తే నదే రోడ్డు! నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. ఇంకా చల్లబడితే తేలికై పైకి తేలి అక్కడే గడ్డకడతాయి. ఆ మంచుపెచ్చు కింది నీళ్లని చలి నుంచి కాపాడుతుంది, అందుకే అడుగున చేపలు బతుకుతాయి. పెచ్చు రోజురోజుకీ మందమై, చివరికి సరుకుల లారీలని మోస్తుంది. మారుమూల పల్లెలకి ఏడాది సరుకు ఎండాకాలం పడవల్లోనో, చలికాలం ఈ మంచుదారిలోనో రావాలి. మధ్యలో మంచు కరిగే వారాల్లో, కట్టే వారాల్లో పడవా లేదు, లారీ లేదు.

తాగునీళ్లకి చాలా పల్లెల్లో శీతాకాలం మొదట్లో సరస్సు మంచుని దిమ్మలుగా కోసి పెరట్లో పేరుస్తారు. రోజుకి కావలసినంత లోపలికి తెచ్చి కరిగిస్తారు. మాంసం, చేపలు నేలలో తవ్విన మాళిగలో పెడితే వేసవిలోనూ చెడవు. చలి అక్కడ పునాది, దారి, నీళ్ల తొట్టి, కొట్టుగది!

అంత దూరం నుంచి సరుకు తరలించాలంటే రవాణా ఖర్చే మింగేస్తుంది. గుప్పెడు బరువుకి బోలెడు ధర పలికేదైతేనే గిట్టుబాటు. 1955లో మీర్ వజ్రాల గని బయటపడ్డాక ఆ ప్రాంతం రాతే మారింది. ఒకప్పుడు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు ప్రపంచానికి వజ్రాలిచ్చాయి. ఇప్పుడు రష్యా వజ్రాల్లో అత్యధిక భాగం యాకుతియావే. తవ్వేవాళ్ల ఊళ్లు ఆ గనుల చుట్టూ పుట్టినవే.

మరి కాస్త వెచ్చబడితే వాళ్లకి హాయే కదా తాతయ్యా అంటారేమో. కాదర్రా! యాకుతియాలోనే బతగై అనే ఊరి దగ్గర 1960ల్లో చెట్లు కొట్టేశాక నేలకి నీడ పోయింది, మంచు కరిగి కొండవాలు కుంగడం మొదలైంది. అది ఇప్పుడు కిలోమీటరు దాటిన గొయ్యి, ఇంకా పెరుగుతూనే ఉంది. నేల మెత్తబడితే స్తంభాలు ఒరుగుతాయి, గుర్రాలు మేసే మైదానాల్లో మడుగులు లేస్తాయి. మంచుదారి మీద లారీలు నడిచే రోజులు తగ్గితే మారుమూల పల్లెలో పిండికీ డీజిలుకీ ధర ఆ మేరకు పెరుగుతుంది.