ఉద్యోగి వెళ్లిపోతే పద్దులకు తాళం!
పాస్‌వర్డ్ ఒక్కరి చేతిలోనే ఉంటే చిన్న సంస్థలకు చిక్కులు

న్యూఢిల్లీ: వసూలు కావలసిన బకాయిల జాబితా కంప్యూటరులో భద్రంగానే ఉంది. కంప్యూటరు కూడా కార్యాలయంలోనే ఉంది. కాని ఆ జాబితాను తెరిచే పాస్‌వర్డ్ మాత్రం ఉద్యోగం మాని వెళ్లిన గుమాస్తాతో పాటే వెళ్లిపోయింది. గడువులోగా జిఎస్‌టి రిటర్ను దాఖలు చేయాలన్నా, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోవాలన్నా యజమానికి దారి లేదు. యంత్రం తనదే, పద్దులూ తనవే అయినా వాటిని కళ్లతో చూడలేని ఈ పరిస్థితి దేశంలోని చిన్న, మధ్యతరహా సంస్థలకు కొత్తేమీ కాదు.

కాగితం పద్దుల కాలంలో ఈ చిక్కు లేదు. గుమాస్తా మారినా చిట్టా, ఆవర్జా దుకాణంలోనే ఉండేవి. చదవడం వచ్చినవారు ఎవరైనా తెరిచి చూసుకోగలిగేవారు. కంప్యూటరు వచ్చిన తర్వాత పద్దు రాసే వ్యక్తే దానికి తాళం కూడా ఎంచుకుంటున్నాడు. ఆ తాళం ఏమిటో యజమాని అడగడు. అడగలేదు కనుక ఉద్యోగి చెప్పడు. ఉద్యోగి రాజీనామా ఇచ్చిన తర్వాత గాని లోపం బయటపడదు.

తాళం పడినంత మాత్రాన సమాచారం పోయినట్లు కాదు. చాలా సందర్భాలలో దానిని న్యాయబద్ధంగానే తిరిగి పొందవచ్చు. అయితే అది ఏ రకం తాళం అన్నదానిపైనే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది.

రెండు రకాల తాళాలు

మొదటి రకం వాకిలి తాళం వంటిది. లోపల ఉన్న సమాచారం మామూలు రూపంలోనే ఉంటుంది. పాస్‌వర్డ్ కేవలం గుమ్మం వద్ద కాపలా కాస్తుంది. రెండవ రకంలో సమాచారమే సంకేత లిపిలోకి మారిపోతుంది. పాస్‌వర్డ్ లేనిదే ఆ లిపిని తిరిగి మామూలు భాషలోకి తేవడం సాధ్యం కాదు. మొదటి రకంలో ఇంటి యజమానికి మరో దారి ఉంటుంది. రెండవ రకంలో సాధారణంగా ఉండదు.

కార్యాలయ సర్వరుపై నడిచే డేటాబేస్‌లలో ఎక్కువ భాగం మొదటి రకానివే. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరులో ముఖ్య నిర్వాహకుని పాస్‌వర్డ్ పోయినా, ఆ యంత్రంపై విండోస్ నిర్వాహక అధికారం ఉన్నవారు డేటాబేస్‌ను ఏక వినియోగదారు పద్ధతిలో తిరిగి ప్రారంభించి లోపలికి వెళ్లవచ్చు. అక్కడ కొత్త నిర్వాహకుని నియమించుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అనుమతుల పట్టికను తాత్కాలికంగా పక్కన పెట్టి, పోస్ట్‌గ్రెస్‌లో ప్రవేశ నిబంధనల ఫైలును సవరించి ఇదే పని చేయవచ్చు. ఇవేవీ దొంగదారులు కావు. తయారీదారుల కరదీపికలలోనే వివరించిన పద్ధతులు. యంత్రంపై అధికారం ఉన్నవారికి అందులోని డేటాబేస్‌పైనా అధికారం ఉంటుందన్నదే వీటన్నిటి వెనుక ఉన్న సూత్రం.

అయితే కాపలా తీసివేసిన ఆ కొద్దిసేపు తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. అందువల్ల పని పూర్తయ్యే వరకు యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. పని ముగియగానే నిబంధనలను యథాస్థితికి తేవాలి. డేటాబేస్‌ను అదనంగా సంకేత లిపిలో భద్రపరిచి ఉంటే మాత్రం ఈ పద్ధతులతో పాటు ఆ లిపికి సంబంధించిన తాళంచెవి కూడా అవసరమవుతుంది.

చిన్న సంస్థలు విరివిగా వాడే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ సంగతి వేరు. 1997 నాటి యాక్సెస్ ఫైళ్లలో పాస్‌వర్డ్ ఫైలు తొలి భాగంలోనే, తేలికగా విప్పగల రూపంలో ఉండేది. 2007లో వచ్చిన కొత్త ఫైలు పద్ధతి నుంచి సమాచారమంతా నిజమైన సంకేత లిపిలోకి మారుతోంది. అంటే పాత కంప్యూటరులో ఉన్న పాత ఫైలు తెరుచుకుంటుందని ఆశించవచ్చు గాని, కొత్త ఫైలు విషయంలో ఆ ఆశ తక్కువ.

పద్దుల కోసం దేశమంతటా వాడుకలో ఉన్న ట్యాలీలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1986లో బెంగుళూరు కేంద్రంగా గోయెంకా కుటుంబం ప్రారంభించిన సంస్థ దీనిని రూపొందించింది. ఇందులో ఎవరు ఏ పద్దు చూడవచ్చో నిర్ణయించే పాస్‌వర్డ్ ఒకటి. ‘ట్యాలీ వాల్ట్’ అనేది మరొకటి. వాల్ట్ వేస్తే జాబితాలో సంస్థ పేరు సైతం కనిపించదు. దాని స్థానంలో చుక్కలే దర్శనమిస్తాయి. వాల్ట్ పాస్‌వర్డ్ మరచిపోతే సమాచారాన్ని తిరిగి ఇవ్వడం సాధ్యం కాదని తయారీ సంస్థే స్పష్టం చేస్తోంది.

సంకేత లిపిని ఊహతో ఛేదించడం ఎంత కష్టమో లెక్క వేసి చూడవచ్చు. కేవలం చిన్న ఇంగ్లీషు అక్షరాలతో కూర్చిన 8 అక్షరాల పాస్‌వర్డ్‌కు సుమారు 20,882 కోట్ల కూర్పులు ఉంటాయి. ఒక్కొక్క అక్షరం పెరిగేకొద్దీ ఈ సంఖ్య 26 రెట్లు అవుతుంది. అంకెలు, గుర్తులు కూడా చేరితే ఇక చెప్పనక్కర లేదు. పాత ఉద్యోగికి పాస్‌వర్డ్‌లో కొంత భాగమైనా గుర్తుంటే వెతకవలసిన పరిధి బాగా తగ్గిపోతుంది. అందుకే అతనితో మాట్లాడడం అన్నిటికంటే చౌకైన, తరచు అన్నిటికంటే త్వరితమైన మార్గం.

ముందు చేయవలసిన పని

తాళం పడిందని తెలియగానే చాలామంది చేసే పొరపాటు అసలు ఫైలుపైనే ప్రయోగాలకు దిగడం. కంప్యూటరును తుడిచివేసి మళ్లీ సిద్ధం చేయడం మరింత ప్రమాదకరం. తొలుత డేటాబేస్‌ను నిలిపివేసి, హార్డ్ డిస్కుకు పూర్తి నకలు తీసి, ఏ ప్రయత్నమైనా ఆ నకలుపైనే చేయాలి. ఊరూపేరూ లేని ‘పాస్‌వర్డ్ విప్పే’ ప్రోగ్రాములను దింపుకోవడం వల్ల ఉన్న తాళానికి తోడు వైరస్ కూడా చేరే అవకాశం ఉంది.

తరువాత వెతకవలసినవి పాత ప్రతులు. పాస్‌వర్డ్ పెట్టక ముందు తీసిన బ్యాకప్ ఏ పెన్‌డ్రైవ్‌లోనో ఉండవచ్చు. కిందటి సంవత్సరం పన్ను లెక్కల కోసం చార్టర్డ్ అకౌంటెంటుకు పంపిన ప్రతి ఆయన కార్యాలయంలో దొరకవచ్చు. ఈమెయిలుకు జతచేసి పంపిన ఎక్సెల్ పట్టికలు కూడా ఎంతో పనికి వస్తాయి.

అవీ లేనప్పుడు లెక్కలను బయటి నుంచి పునర్నిర్మించుకోవాలి. నమోదైన వ్యాపారులకు అమ్మిన సరుకు ఇన్‌వాయిస్‌లవారీగా జిఎస్‌టిఆర్-1లో ఉంటుంది. ఇతర వ్యాపారులు తమ రిటర్నులలో చూపిన మేరకు కొనుగోళ్లు జిఎస్‌టిఆర్-2బిలో కనిపిస్తాయి. చెల్లింపుల వివరాలు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటాయి. వీటిని పక్కపక్కన పెట్టుకుంటే ఏడాది వ్యాపారం రూపురేఖలు చాలావరకు తిరిగి వస్తాయి.

కాని చిల్లర ఖాతాదారులకు ఇచ్చిన అరువు, ఎవరికి ఏ ధర ఒప్పుకొన్నదీ, గిడ్డంగిలో మిగిలిన సరుకు, ఎప్పటి నుంచో సమకూర్చుకున్న ఫోను నెంబర్లు ఏ ప్రభుత్వ పోర్టల్‌లోనూ దొరకవు. చిన్న వ్యాపారి మూలధనంలో పెద్ద భాగం ఉండేది ఆ అరువులోనే. బాకీదారుకు గుర్తున్నంత, అతడు ఒప్పుకున్నంత మాత్రమే వసూలవుతుంది. తాళం పడిన ఫైలుతో వ్యాపారికి కలిగే నిజమైన నష్టం ఇదే.

చట్టం ఏమంటున్నది?

సమాచార సాంకేతిక చట్టం-2000 లోని 43వ సెక్షన్ ప్రకారం, అధికారం ఉన్న వ్యక్తికి కంప్యూటరు అందుబాటులో లేకుండా చేయడం, అనుమతి లేకుండా అందులోని సమాచారాన్ని చెరిపివేయడం లేదా మార్చడం నష్టపరిహారానికి దారి తీస్తాయి. ఆ పనిని మోసపూరితంగా లేదా దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 5 కోట్ల రూపాయల వరకు పరిహారం కోరే ఫిర్యాదులను చట్టం కింద నియమితులైన న్యాయ నిర్ణయాధికారి విచారిస్తారు. రాష్ట్రాలలో సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి ఈ బాధ్యత నిర్వహిస్తారు.

అయితే పాస్‌వర్డ్ మరచిపోవడం నేరం కాదు. ఉద్దేశపూర్వకంగా దాచాడని నిరూపించవలసిన భారం ఫిర్యాదుదారుపైనే ఉంటుంది. పాస్‌వర్డ్ అప్పగించాలన్న షరతు నియామక పత్రంలో గాని, విరమణ పత్రాలలో గాని లేకపోతే ఆ నిరూపణ మరింత కష్టమవుతుంది.

మరోవైపు యజమాని చేతులు కూడా చట్టం కట్టివేస్తున్నది. వెళ్లిపోయిన ఉద్యోగి సొంత ఈమెయిలును, ఫోనును అతని అనుమతి లేకుండా తెరిస్తే అదే 43వ సెక్షన్ యజమానికీ వర్తిస్తుంది. పాస్‌వర్డ్ చెప్పేదాకా జీతం ఆపివేయడం కూడా సరైన మార్గం కాదు. రాజీనామా చేసిన ఉద్యోగికి రెండు పనిదినాలలోగా వేతన బకాయి చెల్లించాలని వేతనాల స్మృతి-2019 నిర్దేశిస్తున్నది. జీతం ఆగినందుకు పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ ఆగినందుకు జీతం అన్న పంతంలో ఇరుపక్షాలూ నష్టపోతాయి.

పన్నుల అధికారి ముందు మాత్రం ఈ వివాదం సాకుగా పనికిరాదు. జిఎస్‌టి నిబంధనలలోని 57వ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ పద్దులకు తగిన బ్యాకప్ ఉంచుకోవడం వ్యాపారి విధి. అడిగినప్పుడు ఫైళ్ల వివరాలతో పాటు వాటి పాస్‌వర్డ్‌లను కూడా ఆయన అందజేయాలి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు ఈ పద్దులు నిలిచి ఉండాలి. కంపెనీల చట్టం-2013 ప్రకారం కంపెనీలు ఖాతా పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాలకు తక్కువ కాకుండా భద్రపరచాలి. 2022లో సవరించిన నిబంధనల మేరకు ఎలక్ట్రానిక్ పద్దులకు ప్రతిరోజూ భారతదేశంలోని సర్వరుపై బ్యాకప్ తీయాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో ఉదంతం

పెద్ద సంస్థలకు కూడా ఈ ముప్పు తప్పలేదు. 2008లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక వ్యవస్థ తన సొంత కంప్యూటరు నెట్‌వర్క్‌పై అదుపు కోల్పోయింది. దానిని నిర్వహించే ఇంజనీరు టెర్రీ చైల్డ్స్ పాస్‌వర్డ్‌లను పై అధికారులకు చెప్పడానికి నిరాకరించాడు. అరెస్టయిన తర్వాత కూడా కొన్ని రోజులు మౌనం వీడలేదు. చివరకు నగర మేయరు గావిన్ న్యూసమ్ స్వయంగా జైలుకు వెళ్లినప్పుడు ఆయనకు మాత్రమే వాటిని వెల్లడించాడు. 2010లో న్యాయస్థానం అతనికి నాలుగేళ్ల శిక్ష విధించింది.

విశేషమేమంటే అన్ని రోజులూ నెట్‌వర్క్ నిరాటంకంగా నడిచింది. యంత్రంలో లోపం లేదు. అంతటి నగరం తాళాలను ఒకే ఒక వ్యక్తి చేతిలో ఉంచడమే లోపం.

రెండవ తాళంచెవి

ఇటీవలి కాలంలో తాళం కంప్యూటరు నుంచి ఫోనుకు మారింది. పద్దులు ఇంటర్నెట్ సేవలలో ఉంటున్నాయి. వాటి ఖాతా ఉద్యోగి సొంత ఈమెయిలుపై ఉంటే, ఓటీపీ అతని సొంత ఫోనుకే వెళుతుంది. జిఎస్‌టి రిజిస్ట్రేషను చేయించిన మధ్యవర్తి తన ఫోను నెంబరునే నమోదు చేసి, వివరాలు వ్యాపారికి ఇవ్వని ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. ఇందుకు పరిష్కారం ఉంది. వ్యాపారి తన పరిధిలోని పన్నుల అధికారిని ఆధారాలతో కలుసుకుంటే, ఆయన పరిశీలించి కొత్త ఈమెయిలు, ఫోను నెంబరు నమోదు చేస్తారు. తాత్కాలిక పాస్‌వర్డ్ ఆ కొత్త చిరునామాకు వస్తుంది.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి డేటాబేస్‌కు ఇద్దరు నిర్వాహకులు ఉండాలి. అందులో ఒకరు యజమాని గాని, భాగస్వామి గాని కావాలి. పాస్‌వర్డ్‌లను కాగితంపై రాసి, కవరుకు సీలు వేసి బీరువాలో ఉంచాలి. మార్చినప్పుడల్లా కవరు కూడా మార్చాలి. ఈమెయిలు, ఫోను నెంబరు సంస్థ పేరిటే ఉండాలి. బ్యాకప్ తీయడంతో సరిపెట్టక, మూడు నెలలకోసారి దానిని వేరే యంత్రంపై తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఉద్యోగి రాజీనామా ఇచ్చిన రోజే అప్పగింతల జాబితా తయారు కావాలి. బీరువా తాళాలు, చెక్కు పుస్తకాలతో పాటు పాస్‌వర్డ్‌లూ అందులో ఉండాలి. అతని సమక్షంలోనే యజమాని ప్రతి ఫైలునూ తెరిచి చూసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, ఇరువురూ సంతకాలు చేయాలి. దీనివల్ల పద్దులు యజమానికి దక్కుతాయి. తర్వాత ఏదైనా తేడా వస్తే, నిజాయతీగా పనిచేసి వెళ్లిన ఉద్యోగిపై నింద పడకుండానూ ఆ కాగితమే కాపాడుతుంది.